షట్టర్ దించిన తర్వాత

ఉంచమనేవారు: పని చోట చిలకను పెంచకూడదనేవారు ముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. మరి దాన్ని ఎక్కడ పెంచాలి? చిలక ఒంటరిగా బతికే పక్షి కాదు. మేతకు గుంపుగా వెళ్తుంది, పొద్దుగూకితే వందల తోటి పక్షులతో ఒకే చెట్టు మీదికి చేరుతుంది. అలాంటి ప్రాణిని ఇంట్లో పెట్టి, పెద్దలు ఉద్యోగాలకూ పిల్లలు బడికీ వెళ్లిపోతే, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా దానికి ఎదురుగా ఉండేది గోడ ఒక్కటే. అదే చిలక కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కనో, దర్జీ మిషను దగ్గరో, మందుల షాపులోనో ఉంటే ఆ పది గంటలూ మనుషుల మాటలు వినిపిస్తాయి, పిలిస్తే పలికేవారుంటారు. పని చోటు అనగానే అద్దాల మేడలో ఏసీ ఆఫీసును మాత్రమే ఊహించుకోవద్దు. మన ఊళ్లలో చాలా కొట్లకు వెనక గదే ఇల్లు. అక్కడ పనికీ సంసారానికీ మధ్య ఉన్నది ఒక తలుపే. ఇక చిలక తెలివి గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో చాలా భాగం కూడా పని చోటు నుంచే వచ్చింది. ఐరీన్ పెపర్‌బర్గ్ 1977లో కొన్న అలెక్స్ అనే ఆఫ్రికా బూడిదరంగు చిలక ముప్పై ఏళ్లు విశ్వవిద్యాలయాల ప్రయోగశాలల్లోనే బతికింది. దాదాపు యాభై వస్తువుల పేర్లు చెప్పేది, ఏడు రంగులు, ఐదు ఆకారాలు గుర్తుపట్టేది, ఆరు దాకా లెక్కపెట్టేది. ఏదో ఒక ఇంటి వరండాలో పంజరంలో వేలాడి ఉంటే దానికి ఆ బతుకు దొరికేదా?

వద్దనేవారు: అలెక్స్‌ను మీరే తెచ్చారు కాబట్టి నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ ప్రయోగశాలలో మనుషుల ఉద్యోగమే ఆ చిలక. దానితో మాట్లాడటానికే జీతాలు తీసుకునేవారు, దాని జవాబులు రాసుకోవడమే వారి పని. కొట్లో అలా కాదు. అక్కడ మనుషుల పని బిల్లు రాయడం, గుడ్డ కత్తిరించడం, మందు చీటీ చదవడం. చిలకకు దక్కేది వాటి మధ్య మిగిలిన క్షణాలు. బేరం లేని మధ్యాహ్నం బోలెడు మాటలు, సంత రోజున ఒక్క మాటా ఉండదు. ఎప్పుడు పలకరిస్తారో, ఎప్పుడు పట్టించుకోరో దానికి అంతుపట్టదు. అంత శ్రద్ధగా చూసుకున్న అలెక్స్ కూడా 2007 సెప్టెంబరులో ఒక ఉదయం మనుషులు వచ్చేసరికి పంజరంలో చనిపోయి ఉంది. దాని వయసు 31. ఆ జాతి మంచి సంరక్షణలో యాభై ఏళ్లు దాటి బతకగలదు. ఆ చావుకు ప్రయోగశాలే కారణమని నేను అనను, అలా అనడానికి ఆధారం లేదు. నేను అడిగేది వేరు. పని చోటుకు అసలు లక్షణం ఏమిటి? సాయంత్రానికి మనుషులు వెళ్లిపోవడం. ఇల్లు మనుషులు తిరిగొచ్చే చోటు, పని చోటు వదిలివెళ్లే చోటు. మీరు పగటి పది గంటలే లెక్కపెట్టారు. మిగతా పద్నాలుగు గంటలు, ఆదివారం, పండగ, పెళ్లికని ఊరెళ్లిన నాలుగు రోజులు ఎవరి లెక్కలోకి వస్తాయి? 2014లో బూడిదరంగు చిలకల మీద అచ్చయిన ఒక పరిశోధన ఒంటరిగా ఉంచిన పక్షుల్లో టెలోమియర్లు, అంటే వయసుతో పాటు అరిగిపోయే క్రోమోజోముల చివర్లు, జంటగా ఉన్నవాటి కంటే పొట్టిగా ఉన్నాయని చూపింది. ఒంటరితనం కణాల దాకా దిగుతోందన్న మాట.

ఉంచమనేవారు: రాత్రి గురించి మీ భయం పూర్తిగా సరైనది కాదు. చిలకకు పది, పన్నెండు గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి. ఇళ్లలో అర్ధరాత్రి దాకా టీవీ మోగుతుంది, ట్యూబులైట్లు వెలుగుతుంటాయి, ఎవరో ఒకరు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఏడింటికి దీపాలార్పి షట్టర్ దించిన కొట్లో అది హాయిగా నిద్రపోతుంది. మీరు చూపించిన పరిశోధన కూడా జంటగా ఉంచితే మేలని చెబుతోందే కానీ పని చోటు వద్దని చెప్పడం లేదు. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో మీహన్, మిల్లం, మెంచ్ బృందం అమెజాన్ చిలకలకు తిండిని వెతికి, విప్పి, చీల్చి తినే ఏర్పాట్లు చేసి చూసింది. ఈకలు పీక్కునే అలవాటు తగ్గింది. తోడుగా మరో పక్షిని ఉంచితే పంజరంలో అర్థం లేకుండా అటూ ఇటూ ఊగే అలవాట్లు రాలేదు. అంటే దారి ఉంది: ఒకటి కాదు, రెండు పక్షులు. గిన్నెలో పోసిన గింజలు కాదు, కొరికి తీసుకోవలసిన తిండి. ఆదివారం విషయంలో మాత్రం మీరన్నది నిజం. దాన్ని నేను తోసిపుచ్చను. సెలవు రోజు ఎవరు వస్తారో కాగితం మీద రాసి గోడకు అంటించలేని చోట చిలకను ఉంచకూడదు. కానీ మనుషుల వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. లాస్ ఏంజిలస్‌లో మాజీ సైనికుల ఆసుపత్రి ఆవరణలో సెరెనిటీ పార్క్ అనే చిలకల ఆశ్రయం ఉంది. యజమానులు వదిలేసిన చిలకలను, యుద్ధం మనసులో మిగిల్చిన గాయాలతో బతుకుతున్న సైనికులు అక్కడ చూసుకుంటారు. గిన్నెలు కడుగుతారు, తిండి పెడతారు, దగ్గర కూర్చుంటారు. మనిషితో నోరు విప్పలేనివారు పక్షితో మాట్లాడటం మొదలుపెట్టారు. పని, పక్షి, మనిషి కలిసి బాగుపడిన చోటు అది. రాత్రి కాపలా మనిషి, రోజంతా ఒక్కడే కూర్చునే చిన్న దుకాణదారు, వీరికి పలకరింపు అక్కర్లేదా?

వద్దనేవారు: అక్కర్లేదని ఎవరనగలరు? ఒక్కడే కూర్చునే మనిషి బాధ నాకూ బాధే. అయితే సెరెనిటీ పార్క్‌ను మీరు తిరగేసి చూస్తున్నారు. అది చిలకల చోటు. మనుషులు అక్కడికి వెళ్తున్నారు. పెద్ద పెద్ద గూళ్లు వాటి కోసం కట్టారు, వాటి అవసరాలే అక్కడ గడియారం. మనం మాట్లాడుతున్నది మనుషుల చోటు గురించి, అందులోకి ఒక పక్షిని తెచ్చి మన గడియారానికి కట్టెయ్యడం గురించి. ఈ తేడా చిన్నది కాదు. ఇక, మన దగ్గర చిలక అంటే ముందు రామచిలక. దాన్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణ తర్వాత, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, అది రెండో షెడ్యూల్లో ఉంది. స్వదేశీ పక్షుల వ్యాపారం మొత్తం 1990-91లోనే నిషేధంలోకి వచ్చింది. అయినా కొట్ల ముందు పంజరాలు కనిపిస్తూనే ఉన్నాయి. చాలామందికి అది నేరమని కూడా తెలియదు. చలికాలం చివర నుంచి వేసవి మొదలు దాకా తొర్రల్లో పిల్లలుండే రోజుల్లో, కళ్లు సరిగా విప్పని వాటిని చేయి పెట్టి తీస్తారు. పట్టినవాటిలో కొన్ని దారిలోనే పోతాయి. బతికినవాటి రెక్కల ఈకలు కత్తిరిస్తారు. పంజరంలో కనిపించే ఒక్క చిలక వెనక కనిపించని తొర్ర ఒకటి ఉంటుంది. మన జనం ఈ పాపాన్ని ఎప్పుడో గుర్తించారు. గోల్కొండ చెరసాలలో రామదాసు పన్నెండేళ్లు మగ్గడానికి, పోయిన జన్మలో చిలకను పన్నెండేళ్లు పంజరంలో బంధించడమే కారణమని కథ చెప్పుకున్నారు. అది చరిత్ర కాదు. కానీ అంత భక్తుడికి అంత శిక్ష ఎందుకని ప్రశ్న వచ్చినప్పుడు, జనం ఆలోచించి ఆలోచించి ఎంచుకున్న తప్పు ఏమిటో చూడండి. హత్య కాదు, దొంగతనం కాదు, పంజరం.

ఉంచమనేవారు: రామచిలక విషయంలో నేను మీతో పోట్లాడను. ఆ మాట మొత్తంగా ఒప్పుకుంటున్నాను. ఏ కొట్లోనూ, ఏ ఆఫీసులోనూ రామచిలక ఉండకూడదు. ఇది ఒప్పుకోవడం తేలిక కాదని మాత్రం గుర్తుపెట్టుకోండి. చిలక జోస్యం చెప్పుకునే మనిషికి ఆ పంజరమే పని చోటు, ఆ చిలకే తోటి పనివాడు. 2024 లోక్‌సభ ఎన్నికల వేళ తమిళనాడు కడలూరులో ఒక అభ్యర్థి గెలుస్తాడని చిలక చేత చీటీ తీయించిన జోస్యుణ్ణి, చిలకలను పంజరంలో ఉంచినందుకు అటవీ శాఖ అదుపులోకి తీసుకుంది. చట్టం సరైనదే. కానీ తరతరాల జీవనాధారం తీసేసినప్పుడు వారికి మరో దారి చూపాలన్న బాధ్యతను చట్టం మోయలేదు, మనమూ మోయలేదు. సరే, నా వాదన ఇకపై విదేశీ జాతుల గురించే. మన ఊళ్లలో లవ్‌బర్డ్స్ అని పిలుచుకునే బడ్జీలు 1840లో ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండు చేరాయి. అప్పటి నుంచి గూళ్లలోనే తరాలు గడిచాయి. కాకటీల్‌లు కూడా అంతే. బూడిదరంగు చిలక లాంటి అంతర్జాతీయ రక్షణ జాబితాల్లోని పక్షులైతే, 2024 నిబంధనల ప్రకారం ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయించాలి. నమోదులో ఒక మనిషి పేరు ఉంటుంది, అంటే బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. అడవి నుంచి దొంగిలించనిది, చట్టం ఒప్పుకున్నది, జంటగా ఉన్నది, రోజుకు రెండు మూడు గంటలు గూటి బయట తిరిగేది. ఇప్పుడు మీ అభ్యంతరం ఏమిటి?

వద్దనేవారు: మూడు ఉన్నాయి. గూట్లో పుట్టినంత మాత్రాన అడవి మనసు పోదు. కుక్క మనిషితో కలిసి నడవడం మొదలై పదిహేను వేల ఏళ్లు దాటింది. ఇంట్లో ఉన్న బూడిదరంగు చిలకకు అడవి రెండు మూడు తరాల దూరంలోనే ఉంటుంది. 2021లో యాభై చిలక జాతుల సమాచారం పోల్చి చూసిన ఒక అధ్యయనం, శరీరానికి తగ్గ మెదడు కంటే పెద్ద మెదడున్న జాతులే బందిఖానాలో అర్థం లేని కదలికలకు ఎక్కువగా లోనవుతాయని తేల్చింది. గింజను పగలగొట్టి, పెంకు తీసి, కష్టపడి తినే జాతులే ఈకలు ఎక్కువగా పీక్కుంటాయి. అంటే తెలివి ఎక్కువైన కొద్దీ బాధ ఎక్కువ. మనం ఏ తెలివిని చూసి దాన్ని తెచ్చుకున్నామో ఆ తెలివే దానికి శిక్ష అవుతోంది. వెనిజులాలో ఒక చిన్న ఆకుపచ్చ చిలక జాతిని కార్ల్ బెర్గ్ బృందం పరిశీలించి 2011లో ప్రచురించిన విషయం ఇంకా కదిలిస్తుంది. తల్లిదండ్రులు ఒక్కో పిల్లకూ వేరువేరు పిలుపును నేర్పుతున్నాయి. దాదాపు పేరు పెట్టడమే. చిలక మన మాట నేర్చేది మనల్ని సంతోషపెట్టడానికి కాదు, గుంపు భాష నేర్చుకోకపోతే గుంపులో చోటుండదు కాబట్టి. కొట్లోకి ఎవరు అడుగుపెట్టినా ‘రండి రండి’ అనే చిలక, తన గుంపు ఎక్కడుందో వెతుక్కుంటోంది.

రెండో అభ్యంతరం మనుషుల గురించి. ఇది మొదటిదానికంటే తక్కువేమీ కాదు. ఇంట్లో చిలకను పెంచాలంటే ఇంటివారు కూర్చుని ఒప్పుకోవాలి. పని చోట ఎవరు ఒప్పుకుంటారు? యజమానికి ఇష్టమైతే గుమాస్తా ‘నాకు పడదు’ అనగలడా? బూడిదరంగు చిలకలు, కాకటీల్‌ల ఒంటి నుంచి తెల్లటి పొడి రాలుతూనే ఉంటుంది. ఎండిన రెట్ట దుమ్ముగా లేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి అది ఇబ్బంది. ఏళ్ల తరబడి పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. సిటకోసిస్ అనే బాక్టీరియా జ్వరం ఆరోగ్యంగా కనిపించే పక్షి నుంచి కూడా రావచ్చు. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చిలకలతో అది ఎన్నో దేశాలకు పాకింది. ఇక రోజూ ఆ గూడు శుభ్రం చేసేదెవరు? చిలకతో ముచ్చట్లాడేవారు కాదు. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి ఊడ్చే మనిషి. ఆమె జీతంలో ఆ పని లేదు, ఆమెను అడిగినవారూ లేరు. చిలక గురించి ఇంత దయ మాట్లాడేటప్పుడు ఆమెను మరచిపోతే ఆ దయకు అర్థం లేదు. మూడో అభ్యంతరం వయసు. పదేళ్ల తర్వాత ఆ కంపెనీ అక్కడ ఉంటుందో లేదో. చిలక ఉంటుంది.

ఉంచమనేవారు: ఊడ్చే మనిషి గురించి మీరన్నది నన్ను ఆపింది. నా ఏర్పాటులో ఆ మాట ముందే ఉండాల్సింది. అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరూ, అందరికంటే తక్కువ జీతం ఉన్నవారితో మొదలుపెట్టి, ఒప్పుకోవాలి. ఆ పనికి విడిగా డబ్బివ్వాలి. ఒక్కరు కాదన్నా పక్షి రాకూడదు. జబ్బుల విషయం మాత్రం ఉన్నదాని కంటే పెద్దది చేసి చెబుతున్నారు. 1930 నాటికి యాంటీబయాటిక్‌లు లేవు. ఇవాళ సిటకోసిస్‌కు డాక్సీసైక్లిన్ ఉంది. పక్షిని తెచ్చేముందు పరీక్ష చేయిస్తారు, గాలి వచ్చే చోట ఉంచుతారు, రెట్టను పొడిగా ఊడ్వకుండా తడిపి తుడుస్తారు. మనుషులు చేసే హాని నుంచి పక్షినీ కాపాడాలి. పక్క గదిలో నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో పక్షిని చంపుతుంది, చాక్లెట్, అవకాడో దానికి విషం. ఇవన్నీ నేర్చుకోదగినవే. అయితే నాకు మీ వాదనలో ఇబ్బంది కలిగించేది ఇంకొకటి ఉంది. మీ కొలతకు ఏ ఇల్లూ తూగదు. ఇంట్లో ఉంచినా మనసు అడవిలోనే ఉంటుంది, ఇంట్లో కూడా పొడి రాలుతుంది, ఇంటి మనిషి కూడా చిలక కంటే ముందే పోవచ్చు. మీరు కాదంటున్నది పని చోటును కాదు, చిలకను పెంచడాన్నే. అలాగైతే ఆ మాటే సూటిగా చెప్పండి.

వద్దనేవారు: చెబుతాను. కొత్తగా ఏ చిలకనూ పంజరంలోకి తేకూడదు. కానీ ఇంటికీ కొట్టుకీ తేడా లేదన్నది ఒప్పుకోను. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి దేశమంతా మూతపడింది. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. ఇంట్లో చిలక ఉన్నవారికి ఏమీ మారలేదు, పైగా ఇరవై నాలుగు గంటలూ తోడు దొరికింది. ఊరవతల ఆఫీసులో చిలక ఉన్నవారి సంగతి ఆలోచించండి. గోడకు అంటించిన పట్టికలో ఆదివారం ఎవరు రావాలో ఉంటుంది, రోడ్డు మీద పోలీసు ఆపితే ఏం చెప్పాలో ఉండదు. వరద వచ్చినా, కంపెనీ దివాలా తీసినా, యజమాని మారినా అంతే. పని చోట ప్రతి ఒక్కరికీ రాజీనామా చేసే వీలుంది, చిలకకు తప్ప. ఇక చిలకతో పలకరింపు కావాలంటే బంధించడం ఒక్కటే దారి కాదు. చెన్నై రాయపేటలో కెమెరాలు బాగుచేసే ఒకాయన మేడ మీద పలకలు పరిచి రోజూ నానబెట్టిన బియ్యం పెడుతూ వచ్చారు. 2004 సునామీ తర్వాత మొదలైన రాక పెరిగి, వేల రామచిలకలు ఆ డాబాకు వచ్చాయి. పని చోటే అది, చిలకలే అవి. తిని, ఎగిరి వెళ్లిపోయాయి.

ఉంచమనేవారు: ఆ డాబా అందం నాకూ తెలుసు. కానీ మనిషి పెట్టే తిండికి అలవాటుపడ్డ గుంపు కూడా ఒకరకంగా ఆ మనిషికి కట్టుబడిందే. ఆయనకు ఒంట్లో బాగోలేని రోజు వేల నోళ్లు ఎదురుచూస్తాయి. బాధ్యత అక్కడా ఉంది, తాళం లేదంతే. సరే, ఆ తాళం లేకపోవడమే పెద్ద తేడా అంటారు, కాదనలేను. కొత్తవి తేవద్దన్నారు, దానిపైన నేను ఆలోచించాలి. ఇప్పటికే ఉన్నదాని మాట చెప్పండి. పదిహేనేళ్లుగా ఒక కొట్లో ఉన్న బూడిదరంగు చిలక. నమోదైంది. ఆఫ్రికా అడవిని ఎన్నడూ చూడలేదు. ఇక్కడ వదిలితే బతకదు. బతికినా ఈ నేలకు మంచిది కాదు. గూళ్ల నుంచి తప్పించుకున్న రామచిలకలు లండన్‌లో వేలల్లో పెరిగి అక్కడి పక్షులతో తొర్రల కోసం పోటీపడుతున్నాయి. దాని గుంపు అంటూ ఏదైనా ఉంటే ఆ కొట్లోని నలుగురు మనుషులే. వారి గొంతులే దానికి తెలుసు. వారిని వదిలి ఎక్కడికి పంపమంటారు?

వద్దనేవారు: ఎక్కడికీ పంపమనను. దాన్ని ఆ నలుగురి నుంచి విడదీస్తే అది రెండోసారి తొర్రలోంచి తీయడమే. ఇక్కడ నా వాదన ఆగిపోతుంది. ఉండనివ్వండి. కానీ షట్టర్ దించేటప్పుడు గూడు లోపల వదలకండి. నమోదులో పేరున్న మనిషితో సాయంత్రం ఇంటికి వెళ్లాలి, పొద్దున తిరిగి రావాలి. వీలైతే దానికి తోడుగా, ఆశ్రయాల్లో చోటు లేక ఎదురుచూస్తున్న మరో వదిలేసిన పక్షి రావాలి, దుకాణం నుంచి కొన్నది కాదు.

ఉంచమనేవారు: రోజూ గూడు మోసుకుని తిరగమంటున్నారు. ముప్పై ఏళ్లు.

వద్దనేవారు: అవును. అంత మోయగలమా అని తెచ్చేముందు ఎవరూ లెక్కేసుకోలేదు. ఇప్పుడు లెక్కేసుకోవాల్సిందే.

ఉంచమనేవారు: అది పోయాక? ఏళ్ల తరబడి దాని పలకరింపు విన్న మనిషి ఆ ఖాళీ కొక్కెం కేసి చూస్తూ కూర్చోవాలా?

వద్దనేవారు: కొక్కెం బయటికి మార్చండి, చూరుకు. కోతల కాలంలో గుళ్లలో పిచ్చుకల కోసం కడతారే, అలాంటి వరి కంకుల కుచ్చు ఒకటి తగిలించండి.

ఉంచమనేవారు: మా వీధిలో తొర్ర ఉన్న చెట్టు ఒక్కటీ మిగల్లేదు. చిలకలు రాకపోవచ్చు.

వద్దనేవారు: రాకపోవచ్చు.